బిగించారా?

మా ఇంట్లో ఏ మూత పెట్టినా, ఏ కుళాయి కట్టినా, దాని వెనక ఒక ప్రశ్న ఉండేది. నాన్న స్టవ్ ఆపి వంటింట్లోంచి బయటికి రాగానే అమ్మ తలెత్తకుండానే "బిగించారా?" అనేది. నాన్న మాటతో జవాబు చెప్పేవాడు కాదు. కుడిచెయ్యి భుజం పైదాకా ఎత్తి, వేళ్లు చాపి, ఒక్క క్షణం ఉంచి దించేవాడు. చిన్నప్పుడు నాకదొక ఆట. నీళ్లసీసా మూత తిప్పి నేనూ అలాగే చెయ్యెత్తితే, అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి దించేసేది. తిట్టేది కాదు. దించేసి వెళ్లిపోయేది.

నాన్న ఒకప్పుడు రేసుకార్ల మెకానిక్కు. ఒక్క మనిషి మాత్రమే పట్టే కార్లు, పందేలన్నిట్లోకీ పై తరగతివి. అందులో ఎడమవైపు వెనక చక్రం ఆయన పని. ఆ రోజుల్లో చక్రానికి ఒకటే పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. ఆ చెవుల మీద సుత్తితో కొట్టి బిగించాలి. బిగించినవాడు చెయ్యెత్తాలి. నాలుగు చక్రాల దగ్గరా చేతులు లేస్తే గానీ కారు కదలకూడదు.

ఆ కారు నడిపింది మా మావయ్య, అమ్మకు ఒక్కగానొక్క అన్న. నేను పుట్టకముందే, ఒక పందెంలో కారు మలుపు తప్పి మట్టిగట్టుకు కొట్టుకుని చనిపోయాడు. చక్రం ఊడిపోవడం వల్లే అలా జరిగిందని విచారణలో తేల్చారు. ఎడమవైపు వెనక చక్రం. "నట్టు సరిగ్గా బిగించలేదేమో, నాకు గుర్తులేదు" అని నాన్న తనే ఒప్పుకున్నాడట. ఆ తర్వాత ఏ టీమూ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. మిగిలిన ఉద్యోగమంతా బస్సుల వర్క్‌షాపులో, ఇంజన్ల కింద గడిచింది.

అమ్మ ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదట. తర్వాత మాట్లాడింది, నన్ను కన్నది, వేళకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. కానీ ఆ ఒక్క మాట మానలేదు. బయటివాళ్లకు అది జాగ్రత్తలా వినిపించేది. "మీ ఆవిడకి మీ మీద ఎంత శ్రద్ధండీ" అని పక్కింటాయన ఒకసారి అంటే, నాన్న నవ్వి ఊరుకున్నాడు.

నేను చెప్పబోయే సీజన్ మొదలయ్యే నాటికి నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఏడాది తిరగడం కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నాన్నకు చెప్పాల్సిన పని లేకపోయింది. "ఇంజను ఏ చప్పుడుకి ఆగిపోతుందో నాకు తెలీదా అమ్మాయ్?" అన్నాడు.

నాది ఆ పందేలు నడిపే సంస్థలోనే రికార్డుల విభాగంలో ఉద్యోగం. అక్కడ చేరతానన్న రోజున అమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. కొలిమిలోంచి వచ్చింది మళ్లీ కొలిమికే పోతుందని దెప్పింది. ఆ ఏడాది మా విభాగానికి పెద్ద పని పడింది. మొట్టమొదటి పందెం దగ్గర్నుంచి జరిగిన ప్రతి పందెం, ప్రతి కారు, ప్రతి చుట్టు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఈ పోటీలు ఏ కాలంలో ఎలా ఉండేవి, ఎలా మారుతూ వచ్చాయి అన్నది బొమ్మలుగా గీసి, సీజన్ ఆఖరి పందెం రోజున లోకానికి చూపించాలి. మా పైఅధికారి ఏ అంకె కనిపించినా "ఇంకోసారి జల్లెడ పట్టండి" అనేవాడు. ఆఫీసంతా ఆయన్ని జల్లెడ సారు అనేది. ఆయనకీ తెలుసు, పట్టించుకునేవాడు కాదు.

సాయంత్రం ఇంటికి రాగానే నాన్న మంచం మీద లేచి కూర్చుని, "డేటాగారూ, ఇవాళేంటి సరుకు?" అనేవాడు. ఫోన్లో బొమ్మలు చూపించేదాన్ని. అమ్మ ఆ మాటలు మొదలవగానే వంటింట్లోకి వెళ్లి గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ తోమేది.

ఒక చుట్టుకు పట్టే సమయం ఏళ్ల పొడుగునా ఎలా తగ్గిందో చూపించాను. గీత కిందికి దిగుతుంది, ఉన్నట్టుండి పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది.

"ఇక్కడెందుకు లేచింది?"

"కార్లు మరీ జోరుగా పోతున్నాయని రూల్సు మార్చారు నాన్నా. టైర్లు తగ్గించారు, కారును నేలకు అదిమిపట్టే రెక్కలు కోశారు."

"మళ్లీ దిగిందిగా."

"మళ్లీ ఇంకో దారి కనిపెట్టారు."

"కనిపెడతారు. కట్టేసిన ఎద్దు తాడు ఎంత పొడుగో అంత మేరా మేస్తుంది" అన్నాడు సంబరంగా.

పందెం మొదలెట్టిన కార్లలో పూర్తి చేసినవి ఎన్ని అన్నది ఇంకో బొమ్మ. పాత రోజుల్లో సగం కార్లు దారిలోనే చతికిలబడేవి. ఇప్పుడు దాదాపు అన్నీ గీత దాటుతున్నాయి. అది చూసి నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "అయితే మెకానిక్కుకి పనేముంది?" అన్నాడు. కానీ ఆయనకు అన్నిట్లోకీ నచ్చింది చక్రాలు మార్చే సమయం. ఒక నిమిషం పైచిలుకు నుంచి మొదలై, ముప్పై సెకన్లు, పది, ఇప్పుడు రెండు సెకన్ల చిల్లర.

"రెండు సెకన్లలో నాలుగు చక్రాలా? మా రోజుల్లో రెండు సెకన్లు సుత్తి ఎక్కడ పెట్టామో వెతుక్కోడానికే సరిపోయేది కాదు."

"మీకు చొక్కా గుండీలు పెట్టుకోడానికే అరగంట" అంది అమ్మ వంటింట్లోంచి. ఆ ఏడాది ఆమె ఆ మాటల్లోకి వచ్చింది అదొక్కసారే. నాన్న ముఖం వెలిగిపోయింది. నాకిప్పటికీ ఆ ముఖమే గుర్తొస్తుంది.

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడు చెయ్యెత్తేది ఎవరు?"

"ఎవరూ ఎత్తరు నాన్నా. నట్టు బిగించే యంత్రంలోనే సెన్సర్ ఉంటుంది. బిగిసిందో లేదో అదే చెబుతుంది. తర్వాత ఏం జరిగినా, తప్పు ఎవరిదో కంప్యూటర్లో కనిపిస్తుంది."

"పాపం" అన్నాడు.

"ఎవరు పాపం?"

"ఆ కుర్రాళ్లే. అబద్ధమాడే వీల్లేదుగా" అని అటు తిరిగి పడుకున్నాడు. నేను దాన్ని కూడా హాస్యమే అనుకున్నాను.

సీజన్ సగం దాటాక, పందేల్లో పోయినవాళ్ల బొమ్మ గీసే పని నా మీద పడింది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. కారు చెడిపోయి పోతే ఎర్రచుక్క, డ్రైవరు పొరపాటు వల్ల పోతే నల్లచుక్క. మొదటి ఏళ్లలో చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. తర్వాత పలచబడ్డాయి. ఇటీవలి ఏళ్ల దగ్గరికి వచ్చేసరికి పేజీ ఇంచుమించు తెల్లగా ఉంది. మేం గీసిన బొమ్మలన్నిట్లోకీ మంచివార్త అదే. కానీ దాన్ని గీస్తుంటే నాకు చేతులాడలేదు. ఆ గుంపులో ఒక ఎర్రచుక్క మా ఇంటిది.

ఆ రోజుల్లోనే ఎవరో ముసలాయన అటకమీద దొరికిన పాత ఫిల్ము చుట్టలు మా ఆఫీసుకు పంపారు. ఆయన కుర్రతనంలో పందేలకు వెళ్లి సొంత కెమెరాతో తీసినవి. మాట లేదు, బొమ్మ మాత్రమే. జల్లెడ సారు నన్ను తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, "చూడలేకపోతే వద్దు" అన్నాడు. చూస్తానన్నాను.

తెర మీద మావయ్య కారు మలుపు దగ్గరికి వచ్చింది. మిగతా కార్లు మందగించిన చోట అది మందగించలేదు. ఇంకాస్త ముందుకొచ్చి, అప్పుడు బ్రేకు పడి, వెనకభాగం పక్కకు తిరిగింది. రోడ్డు దిగింది. గడ్డి మీద జారుతూ పోయింది. ఎడమవైపు వెనక చక్రం మాకు ఎదురుగా ఉంది, చక్కగా తిరుగుతోంది. మట్టిగట్టుకు కొట్టుకున్నాకే అది ఎగిరి అవతల పడింది.

సారు ఫిల్ము ఆపి, చుట్ల సమయాలున్న కాగితం తెరిచాడు. ఆఖరి చుట్లలో మావయ్య టైం చుట్టుచుట్టుకూ తగ్గుతూ వచ్చింది. ప్రతిసారీ ఇంకొంచెం ఆలస్యంగా బ్రేకు వేస్తున్నాడన్నమాట.

"చక్రం ఊడి కారు పోలేదమ్మా. కారు పోయి చక్రం ఊడింది. మీ నాన్నగారి తప్పు లేదు" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "వెళ్లు. ఇవాళ పని చాలు. వెళ్లి చెప్పు."

బస్సులో నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అమ్మకు ఎలా చెప్పాలి, అమ్మ ఏమంటుంది, నాన్న మంచం పక్కన కూర్చుని ఎలా ఏడుస్తుంది, అన్నీ ఊహించుకున్నాను. ఆయన పోయేలోపు ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆగిపోతుందని, నాకు ఇంకేమీ అక్కర్లేదని అనుకున్నాను.

అమ్మ కూరగాయలకు వెళ్లింది. నాన్న ఒక్కడే ఉన్నాడు. గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన అడ్డురాకుండా విన్నాడు.

"ఆ ఫిల్ము మీ అమ్మ చూసిందా?"

"ఇంకా లేదు. ఇవాళే—"

"చూపించకు."

నేను తెల్లబోయాను. "నాన్నా, నీ తప్పు కాదు. అర్థమైందా నీకు? చక్రం ఉంది!"

"నాకు తెలుసమ్మా." దగ్గు వచ్చింది. నీళ్లు తాగించాను. "మా టీములో ముందుగా పరిగెత్తింది నేనే. మీ మావయ్యని అప్పటికే తీసుకెళ్లిపోతున్నారు. కారు దగ్గరికెళ్లి చూశాను. చక్రం చిరిగి ఊడొచ్చింది గానీ, నట్టు ఇరుసు మీదే ఉంది. ఎలా బిగించానో అలా. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి విప్పబోతే, సుత్తి పెట్టి కొడితే గానీ రాలేదు. విచారణవాళ్లు వచ్చేలోపు దాన్ని తీసి జేబులో వేసుకుని, దారిలో కాలవలో పడేశాను."

"ఎందుకు?"

"మీ అమ్మమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుంది. వచ్చిన ప్రతివాణ్నీ ఒకటే అడుగుతోంది, 'నా కొడుకు తప్పు చేశాడా నాయనా' అని. ఎవరూ నోరు విప్పట్లేదు. అందరికీ తెలుసు, బావది దూకుడని. కొత్తగా కారుకి రెక్కలొచ్చాయి, ఎంత ఆలస్యంగా బ్రేకేసినా నేలను పట్టుకుంటుందనుకున్నాడు. నన్నూ అడిగింది. నేను 'లేదత్తయ్యా, తప్పు నాది' అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇంకేం చేస్తాను? దానికి తగ్గట్టు నట్టు తీసేశాను."

"అమ్మమ్మ పోయి ఇన్నేళ్లయింది. అమ్మకైనా చెప్పొచ్చుగా!"

"చచ్చినవాడి కళ్లు చారెడంటారు. వాడివి నిజంగానే చారెడు. మీ అమ్మకి వాడంటే ప్రాణం. మొగుడు తప్పు చేశాడంటే ఆ కోపంతో బతికేస్తుంది, బతికింది కూడా. అన్నే తన చావు తను తెచ్చుకున్నాడంటే దేంతో బతుకుతుంది?"

"మరి నువ్వు?"

"నాకేం? ఆవిడ రోజూ అడిగింది, నేను రోజూ చెయ్యెత్తాను. నేను చెప్పింది నిజమే కదా. బిగించానుగా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన మీద పట్టరానంత కోపం వచ్చింది, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అమ్మ ఉన్నంతకాలం చెప్పనని మాట తీసుకున్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను చించుకోలేదు. కానీ నా కంప్యూటర్లో, మావయ్య పేరు పక్కన ఒక గడి ఉంది. కారణం అనే ఆ గడి నొక్కితే రెండే మాటలు వస్తాయి: యంత్రం, డ్రైవరు. మూడోది లేదు. పాత రికార్డు ప్రకారం అందులో యంత్రం అని ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

జల్లెడ సారు రెండు వారాలు చూసి, నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇంకా మార్చలేదే? మీ నాన్నగారి మీది మచ్చ పోతుందమ్మా."

"మచ్చ పోదు సార్. చోటు మారుతుందంతే."

ఆయనకు జరిగింది చెప్పాను. "నేను మనిషినే గానీ" అన్నాడు సారు, "లెక్క మీ ఇంటి కోసం అబద్ధమాడితే, రేపు ఇంకో ఇంటి కోసం కూడా ఆడాలి. ఈ చుక్కలు చూసేగా కార్లు మార్చింది, మలుపులు మార్చింది. నీకు కష్టమైతే నేను మారుస్తాలే. కాస్త ఆగి మారుస్తా." ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నాన్న ఉన్నంతవరకూ ఆగుతానన్నాడు.

ఎక్కువ రోజులు ఆగాల్సిన పని పడలేదు. సీజన్లో ఇంకా మూడు పందేలు మిగిలుండగానే నాన్నను ఆస్పత్రిలో చేర్చాం. ఆ గడి సంగతి ముందే చెప్పి ఉన్నాను గనక, చూడ్డానికి వెళ్లినప్పుడల్లా "గడిలో ఏముంది?" అని సైగ చేసేవాడు. "యంత్రం, నాన్నా" అనేదాన్ని. ఆ రోజుకు అది నిజమే.

ఆఖరి రోజు మధ్యాహ్నం నీళ్లు కావాలన్నాడు. అమ్మ సీసాతో తాగించింది. మూత తనే పెడతానని మొండికేసి, వేళ్లు జారుతున్నా తిప్పాడు. అమ్మ దుప్పటి సర్దుతూ, అలవాటుకొద్దీ, "బిగించారా?" అంది.

నాన్న చెయ్యి మోచేతి దాకా లేచి, అక్కడినుంచి లేవలేక, దుప్పటి మీద పడిపోయింది. అమ్మ సీసా అందుకుని మూత ఇంకోసారి తిప్పి చూసింది. అది గట్టిగానే ఉంది. సాయంత్రానికి ఆయన పోయాడు.

ఆఖరి పందెం రోజున ఆఫీసుకు రావద్దని సారే చెప్పాడు. ఇంట్లో ఉన్నాను. జీవితంలో ఎప్పుడూ పందెం వైపు కన్నెత్తి చూడని అమ్మ, ఆ మధ్యాహ్నం తనంతట తనే టీవీ పెట్టి నాన్న కుర్చీలో కూర్చుంది. "ఆయన చూడకుండా ఒక్క పందెమూ పోనివ్వలేదుగా, ఇదొక్కటీ ఎందుకు పోవాలి" అంది. చక్రాలు మార్చేటప్పుడు ముందుకు వంగి, "అయిపోయిందా? అప్పుడే?" అని ఆశ్చర్యపోయింది.

పందెం అయ్యాక మా బొమ్మలు మొదలయ్యాయి. దిగే గీతలు, లేచే గీతలు, పూర్తిచేసిన కార్లు. తర్వాత చుక్కలు. టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాడు ఆ పాత ఫిల్ముల సంగతి ఎత్తగానే నా చెయ్యి రిమోట్ మీదికి పోయింది.

"ఉంచు" అంది అమ్మ.

"అమ్మా, వద్దు."

"మా అన్నయ్య కదూ? కదిలే అన్నయ్యని చూసి ఎన్నాళ్లయిందో. చూడనీ."

కారు వచ్చింది. ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకొచ్చింది, తిరిగింది, రోడ్డు దిగింది. అమ్మ చూపు అన్న మీద లేదు. అన్నేళ్లు ఒకే ప్రశ్న అడిగిన మనిషి కళ్లు నేరుగా ఎడమవైపు వెనక చక్రం మీదికే పోయాయి. కారు గట్టుకు తగిలేదాకా దాన్నే చూసింది. తర్వాత తెర మీద మావయ్య చుక్క ఒక్కటి పెద్దదైంది. నల్లచుక్క.

"చక్రం ఉంది" అంది అమ్మ.

"ఉందమ్మా."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"నువ్వు చెబితేనా?"

"కాదు. ఆ రోజు నుంచే."

ఎందుకు దాచాడని అమ్మ అడగలేదు. అన్న పేరు కూడా ఎత్తలేదు. "ఆస్పత్రిలో కూడా అడిగాన్నేను" అంది, నాతో కాదు. ఏడుస్తుందనుకుని దగ్గరికి జరిగాను. లేచి, చీర సర్దుకుని, టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయింది.

టీ మరిగిన వాసన వచ్చింది. స్టవ్ ఆపిన చప్పుడు, సిలిండరు దగ్గర మర తిప్పిన చప్పుడు వినిపించాయి. మళ్లీ తిప్పిన చప్పుడు. ఇంకోసారి. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, నాన్న కుర్చీకి ఎదురుగా నిలబడింది.

ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ కుడిచెయ్యి భుజం పైదాకా ఎత్తి, వేళ్లు చాపింది. ఎంతసేపు చూసినా దించలేదు. నేనే వెళ్లి, ఆ చెయ్యి పట్టుకుని, మెల్లగా కిందికి దించాను.